‘భద్రతా కారణాలు’ అంటూ తిప్పి పంపకుండా ఆర్‌టీఐ దరఖాస్తు రాయడం ఎలా?

“సీసీ కెమెరాల గురించి అడిగితే భద్రతా కారణాల రీత్యా ఇవ్వలేమన్నారు. డ్యామ్ తనిఖీ రిపోర్టు అడిగితే గోప్యమన్నారు. ఇప్పుడేం చేయాలి?” సమాచార హక్కు చట్టం వాడేవాళ్ల నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతిని ఇక్కడ పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి తిరస్కరణల్లో కొన్ని తప్పించుకోవడానికి రాసేవే, అందులో సందేహం లేదు. కానీ చాలాసార్లు ఆ అవకాశం మనమే ఇస్తున్నాం. కెమెరాల కొనుగోలు లెక్కలూ, అవి ఎక్కడున్నాయో చూపే మ్యాపూ ఒకే ప్రశ్నలో కలిపి అడుగుతాం. అధికారి మ్యాపును సాకుగా చూపించి లెక్కలు కూడా ఆపేస్తారు. బయటపడితే నిజంగానే ముప్పు తెచ్చేదాన్ని మన ప్రశ్నలోంచి మనమే తీసేస్తే, మిగతాది ఆపడానికి ఆయనకు కారణం దొరకదు.

ఏమేం కావాలి

- మీరు అడగబోయే విషయం మీద పేపర్ కటింగో, టెండర్ నంబరో, జీఓ నంబరో, ఏదో ఒక ఆధారం. ఇది లేకపోయినా అడగొచ్చు, ఉంటే ప్రశ్న గురి తప్పదు.
- సంబంధిత ఆఫీసులో పౌర సమాచార అధికారి, అంటే పీఐఓ హోదా, చిరునామా. పేరు అక్కర్లేదు, హోదా చాలు.
- ఫీజు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు 10 రూపాయలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు, రుజువు జత చేస్తే చాలు.
- చట్టం కాపీ. మొత్తం చదవక్కర్లేదు. 7, 8, 10, 19, 24 సెక్షన్లు దగ్గర పెట్టుకోండి.
- తేదీలు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్. చాలా కేసులు గడువు దాటిపోవడం వల్లే పోతున్నాయి కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోకండి.

1. ముందు, అది ఇప్పటికే బయట ఉందేమో చూడండి

సెక్షన్ 4 ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన బడ్జెట్, నిర్ణయాలు తీసుకునే పద్ధతి, ఉద్యోగుల వివరాలు లాంటివి అడగకముందే వెల్లడించాలి. టెండర్లు ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టళ్లలో ఉంటాయి. కాగ్ నివేదికలు పార్లమెంటుకు, శాసనసభలకు వెళ్తాయి. వాటిలో రక్షణ శాఖ ఖర్చుల మీద ఆడిట్ నివేదికలు కూడా ఉంటాయి. పార్లమెంటులో ఇచ్చిన లిఖితపూర్వక సమాధానాలు అంతా చూడగలిగేవే.

దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, శ్రమ తప్పుతుంది. రెండోది పెద్ద లాభం: సగం సమాచారం ఇప్పటికే బయట ఉందని చూపిస్తే, మిగతా సగం బయటికొస్తే దేశ భద్రతకు ముప్పు అనే వాదన నిలబడటం కష్టం. దొరికిన పేజీని ప్రింట్ తీసి దరఖాస్తుకు జత చేయండి.

ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వుల సంగతి వేరు. వాటిని ప్రచురించి తీరాలని అనురాధా భసిన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. అవి ఎక్కడా కనిపించకపోతే, దరఖాస్తులో ఆ తీర్పును ఒక్క వాక్యంలో ప్రస్తావించి ఉత్తర్వు నకలు అడగండి.

2. ఆ సంస్థ చట్టం పరిధిలో ఉందో లేదో తేల్చుకోండి

సెక్షన్ 24 కింద కొన్ని గూఢచార, భద్రతా సంస్థలకు ఈ చట్టం వర్తించదు. ఇంటెలిజెన్స్ బ్యూరో, రా, ఈడీ, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, డీఆర్‌డీఓ లాంటివి రెండో షెడ్యూల్లో ఉన్నాయి. 2011లో సీబీఐ, 2023లో కంప్యూటర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ చేరాయి. రాష్ట్రాలు కూడా 24(4) కింద తమ సంస్థలను గెజిట్ నోటిఫికేషన్‌తో మినహాయించవచ్చు.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

యూనిఫాం వేసుకునే ప్రతి శాఖా మినహాయింపులో ఉందనుకోవడం. భారత సైన్యం, నౌకాదళం, వాయుసేన రెండో షెడ్యూల్లో లేవు. వాటికి దరఖాస్తు చేయొచ్చు. సమాచారం ఇవ్వాలో వద్దో, ఏవి ఇవ్వక్కర్లేదో చెప్పే సెక్షన్ 8 ప్రకారం తేలుతుంది. మామూలు పోలీస్ స్టేషన్ సంగతీ అంతే. “మాది పోలీసు శాఖ, మాకు వర్తించదు” అంటే ఏ నోటిఫికేషన్ కింద వర్తించదో నంబరు, తేదీతో చెప్పమని అడగండి.

మినహాయింపు ఉంటే ఇక దారే లేదనుకోవడం. అవినీతి ఆరోపణలు, మానవ హక్కుల ఉల్లంఘనలకు సంబంధించిన సమాచారం ఆ సంస్థలు కూడా ఇవ్వాలి. మానవ హక్కుల విషయమైతే సమాచార కమిషన్ ఆమోదం కావాలి, గడువు 45 రోజులు. అలా అడిగేటప్పుడు ఆరోపణ ఏమిటో దరఖాస్తులోనే స్పష్టంగా రాయండి. “అవినీతి జరిగిందని అనుమానం” అని ఊరుకుంటే పనికాదు. ఏ కొనుగోలు, ఏ సంవత్సరం, ఏ ఫిర్యాదు అనేది ఉండాలి.

ఇంకో దారి కూడా ఉంది. అదే కాగితం మినహాయింపు లేని మరో ఆఫీసులోనూ ఉండొచ్చు. భవనం కట్టింది ప్రజా పనుల శాఖ అయితే బిల్లులు వాళ్ల దగ్గర ఉంటాయి. అక్కడ అడగడంలో తప్పు లేదు.

3. కావలసినదాన్ని మూడు కుప్పలు చేయండి

దరఖాస్తు రాయకముందు ఒక తెల్లకాగితం తీసుకుని మీరు తెలుసుకోవాలనుకున్నవన్నీ రాసేయండి. తర్వాత ఒక్కోదాని పక్కన ఈ ప్రశ్న వేసుకోండి: ఇది చెడ్డ ఉద్దేశం ఉన్నవాడి చేతిలో పడితే వాడు రేపు ఏం చేయగలడు?

మొదటి కుప్ప, వాడేమీ చేయలేనివి: డబ్బు, టెండరు, ఒప్పందం, నిర్ణయం తీసుకున్న తేదీ, అనుమతి ఇచ్చిన అధికారి హోదా, నియమ నిబంధనలు, మొత్తం సంఖ్యలు, పాత ఆడిట్ అభ్యంతరాలు. ఇవి ధైర్యంగా అడగండి.

రెండోది, వాడికి నేరుగా ఉపయోగపడేవి: గార్డుల షిఫ్టు వేళలు, కెమెరాలు లేని మూలలు, కంట్రోల్ రూమ్ నెట్‌వర్క్ డ్రాయింగులు, పాస్‌వర్డులు, ఇన్‌ఫార్మర్ల వివరాలు, సాక్షుల చిరునామాలు. వీటిని వదిలేయండి. గెలవలేమని మాత్రమే కాదు, ఇవి బయటికి రాకూడదు కూడా. సెక్షన్ 8(1)(జి) ఉన్నదే మనుషుల ప్రాణాలను, రహస్యంగా సమాచారం ఇచ్చినవాళ్లను కాపాడటానికి.

మూడోది మధ్యలో ఉండేది. అసలు నైపుణ్యం ఇక్కడే కావాలి. పని చేయని కెమెరాల జాబితా తీసుకోండి. ఏ వీధిలో ఏది పనిచేయడం లేదో ఈ రోజు చెబితే దొంగలకు దారి చూపినట్టే. కానీ కోట్లు పోసి కొన్నవి ఎన్ని మూలన పడ్డాయో తెలుసుకునే హక్కు పన్ను కట్టేవాళ్లకు ఉంది. ఇలాంటివాటిని వదులుకోకండి, రూపం మార్చి అడగండి. నాలుగు మార్గాలు పనికొస్తాయి:

- కలిపి అడగడం. వీధి వారీగా కాక నగరం మొత్తానికి సంఖ్య.
- పాత తేదీకి అడగడం. ఈ రోజు పరిస్థితి కాక, గడిచిన ఆర్థిక సంవత్సరం చివరి నాటిది.
- హోదా అడగడం. వ్యక్తి పేరు, ఫోన్ కాక, నిర్ణయం తీసుకున్న హోదా. వ్యక్తిగత సమాచారం గురించిన 8(1)(జె) క్లాజును 2023 డేటా రక్షణ చట్టం మార్చి మినహాయింపును మరింత విస్తృతం చేసింది కాబట్టి దీని అవసరం ఇంకా పెరిగింది.
- చూడటానికి అడగడం. నకలు కాక, ఫైల్ తనిఖీ. సెక్షన్ 2(జె) ప్రకారం రికార్డును వెళ్లి చూసి నోట్స్ రాసుకునే హక్కు మీకుంది. కేంద్ర ఆఫీసుల్లో మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు.

4. ప్రశ్నలు రాయండి

ఎక్కువ సమయం ఈ మెట్టు మీదే పెట్టండి. ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం.

ఇలా రాయొద్దు:

“నగరంలో ఏర్పాటు చేసిన సీసీ కెమెరాల పూర్తి వివరాలు, అవి ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎన్ని పని చేయడం లేదు, ఎందుకు పని చేయడం లేదు, బాధ్యులపై ఏం చర్యలు తీసుకుంటారో తెలపగలరు.”

ఇందులో తప్పులు చూడండి. ‘పూర్తి వివరాలు’ అంటే పాస్‌వర్డులతో సహా అని చదువుకోవచ్చు. ‘ఎక్కడెక్కడ’ అన్నది నేరుగా దేశ భద్రత గురించిన 8(1)(ఎ)ను, 8(1)(జి)ని పిలుస్తుంది. ‘ఎందుకు’ అన్నదానికి రికార్డు లేకపోతే అధికారి జవాబు చెప్పక్కర్లేదు. ఉన్న సమాచారం ఇవ్వాలే తప్ప, కొత్తగా తయారుచేసి, అభిప్రాయం చెప్పాల్సిన బాధ్యత లేదని సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ‘ఏం చర్యలు తీసుకుంటారు’ అన్నది జరగబోయేది, అది రికార్డే కాదు.

ఇలా రాయండి:

“2022 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మీ కార్యాలయం ద్వారా కొనుగోలు చేసిన సీసీ కెమెరాలకు సంబంధించి:
(అ) సంవత్సరం వారీగా కొన్న మొత్తం సంఖ్య.
(ఆ) టెండర్ నోటిఫికేషన్, పని అప్పగింత ఉత్తర్వు, నిర్వహణ ఒప్పందం నకళ్లు.
(ఇ) ఏజెన్సీకి చేసిన చెల్లింపుల తేదీలు, మొత్తాలు.
(ఈ) 2025 మార్చి 31 నాటికి పని చేయని కెమెరాల సంఖ్య, నగరం మొత్తానికి కలిపి.
(ఉ) నిర్వహణ లోపాలపై ఏజెన్సీకి ఇచ్చిన నోటీసులు, విధించిన జరిమానా ఉత్తర్వుల నకళ్లు.
(ఊ) ఈ అంశంపై ఫైల్‌లో రాసిన నోట్‌ల నకళ్లు.
కెమెరాలు అమర్చిన ప్రదేశాలు, నెట్‌వర్క్ నిర్మాణం, ఐపీ అడ్రసులు, లాగిన్ వివరాలు నాకు అవసరం లేదు. పై పత్రాల్లో అవి ఉంటే కొట్టివేసి మిగతా భాగం ఇవ్వగలరు.”

‘ఎందుకు’ అనే మాట పోయి దాని స్థానంలో ఫైల్ నోట్‌లు వచ్చాయి. కారణం ఎవరైనా రాసి ఉంటే అక్కడే ఉంటుంది. సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం రికార్డులో ఉన్న అభిప్రాయాలు, సలహాలు కూడా సమాచారమే. పోతే, చివరి రెండు వాక్యాలు మొత్తం దరఖాస్తుకు కవచం లాంటివి. ‘అవసరం లేదు’ అని మీరే రాశాక, అవి ఉన్నాయన్న కారణంతో మొత్తం ఆపడం కుదరదు.

డ్యామ్ విషయంలోనూ ఇదే దారి. 2021 డ్యామ్ భద్రతా చట్టం వర్షాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు జరగాలని చెబుతోంది. కాబట్టి ఆ తనిఖీలు జరిగిన తేదీలు, గుర్తించిన లోపాలు, వాటి మరమ్మతులకు మంజూరైన, ఖర్చయిన మొత్తాలు అడగండి. గేట్లు నడిపే కంట్రోల్ వ్యవస్థ డ్రాయింగులు, కాపలా ఏర్పాట్లు వద్దని రాయండి. వీఐపీ భద్రత అయితే ఏడాది మొత్తం ఖర్చు అడగండి, ఎవరి వెంట ఎంతమంది నడుస్తారో కాదు. పోలీస్ స్టేషన్ అయితే మంజూరైన పోస్టులు, ఖాళీలు అడగండి, రాత్రి డ్యూటీ చార్టు వద్దు.

దర్యాప్తులో ఉన్న కేసుల గురించి ఒక మాట. 8(1)(హెచ్) చూపించి “దర్యాప్తు సాగుతోంది” అని ఒక్క ముక్క రాసి పంపుతుంటారు. దర్యాప్తు ఉండటం ఒక్కటే చాలదు, వెల్లడిస్తే దానికి ఎలా ఆటంకమో చూపాలని భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2007లో చెప్పింది. అయినా సాక్షుల వాంగ్మూలాలు అడిగి అడ్డంకి తెచ్చుకోకండి. కేసు ఏ తేదీన ఏ దశకు చేరిందో అడగండి, అది దక్కే అవకాశం ఎక్కువ.

పొడవు విషయం: కేంద్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు సాధారణంగా 500 పదాలు దాటకూడదు. దాటినంత మాత్రాన తిరస్కరించకూడదు కానీ, చిన్నగా ఉంటేనే మీకు మేలు. ఒక దరఖాస్తులో ఒకే విషయం పెట్టండి.

5. ప్రజా ప్రయోజనం గురించి రెండు వాక్యాలు చేర్చండి

సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటుంది. మామూలు దరఖాస్తుల్లో చెప్పకండి కూడా. కానీ భద్రత అభ్యంతరం వస్తుందని ముందే తెలిసినప్పుడు లెక్క మారుతుంది. సెక్షన్ 8(2) ప్రకారం, జరిగే హాని కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే, 8(1) మినహాయింపులున్నా, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉన్నా, సమాచారం ఇవ్వొచ్చు. ఆ త్రాసులో మీ వైపు బరువు పెట్టాల్సింది మీరే. ఇలా రాస్తే చాలు:

“నగర ప్రజల భద్రత కోసం ప్రజాధనంతో కొన్న పరికరాల పనితీరుకు సంబంధించిన విషయమిది. ఏదైనా మినహాయింపు వర్తిస్తుందని భావిస్తే సెక్షన్ 8(2) కింద ప్రజా ప్రయోజనాన్ని పరిశీలించి, సెక్షన్ 10 కింద వేరుచేయగల భాగాన్ని ఇవ్వగలరు.”

పెద్ద ఉపన్యాసం వద్దు. కోపం అసలే వద్దు.

6. పంపండి

కేంద్ర ఆఫీసులకు ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. అందులో 3,000 అక్షరాల పరిమితి ఉంటుంది, దాటితే పీడీఎఫ్ జత చేయాలి. రాష్ట్ర ఆఫీసులకు ఆ పోర్టల్‌లో పెట్టకండి, దరఖాస్తూ వెనక్కొస్తుంది, ఫీజూ తిరిగి రాదు. కాగితం మీద పంపితే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు, డెలివరీ వివరాల ప్రింట్ దాచండి. మన రాష్ట్రాల్లోని ఆఫీసులకు తెలుగులో రాయొచ్చు. ఢిల్లీలోని ఆఫీసులకైతే ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయండి.

సంఘం పేరుతో కాక మీ పేరుతో పెట్టండి, హక్కు పౌరుడిది. ఇంటి చిరునామా ఇవ్వడానికి భయంగా ఉంటే పోస్ట్ బాక్స్ నంబరు ఇవ్వొచ్చని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. ఇసుక, భూములు, పోలీసు వ్యవహారాల మీద అడిగేవాళ్లు దీన్ని గట్టిగా ఆలోచించండి.

వేరే ఆఫీసుకు సంబంధించినదైతే 5 రోజుల్లో బదిలీ చేయాలి. జవాబుకు గడువు ఆఫీసుకు అందిన రోజు నుంచి 30 రోజులు, ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. కాంట్రాక్టర్ లాంటి మూడో వ్యక్తి అభిప్రాయం అడిగితే 40 రోజుల దాకా పట్టొచ్చు. నకళ్లకు పేజీకి 2 రూపాయల చొప్పున కట్టమని లేఖ వస్తే, లేఖ పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడువులో లెక్కించరు. కాబట్టి ఆలస్యం చేయకండి.

7. జవాబు వచ్చాక ఇలా పరీక్షించండి

కవరు తెరిచి చూసి “ఏదో ఇచ్చారులే” అని పక్కన పెట్టేయకండి. మీ దరఖాస్తు ఒకవైపు, జవాబు ఒకవైపు పెట్టి అ, ఆ, ఇ వారీగా టిక్ చేయండి. తర్వాత:

పేజీలు లెక్కపెట్టండి. 42 పేజీలకు డబ్బు కట్టించుకుని 38 ఇస్తే వెంటనే రాయండి. నకళ్లలో ‘అనుబంధం’ అని ప్రస్తావించినవి నిజంగా జత అయ్యాయా చూడండి. ఒప్పందం ఇచ్చి, అసలు లెక్కలున్న అనుబంధం మానేయడం మామూలే.

తిరస్కరిస్తే సెక్షన్ నంబరు దగ్గర ఆగకండి. సెక్షన్ 7(8) ప్రకారం లేఖలో మూడు ఉండాలి: కారణాలు, అప్పీలుకు గడువు, అప్పీలు అధికారి వివరాలు. “సెక్షన్ 8 ప్రకారం ఇవ్వలేము” అన్నది కారణం కాదు. సెక్షన్ 8లో చాలా క్లాజులున్నాయి, ఏది అన్నది తెలియాలి. 8(1)(ఎ) అన్నా కూడా, వెల్లడి వల్ల దేశ భద్రతకో, ఆర్థిక ప్రయోజనానికో, విదేశీ సంబంధాలకో హాని ఎలా కలుగుతుందో చెప్పాలి.

ఫైల్ మీద ‘సీక్రెట్’ ముద్ర ఉందని చెబితే? ఆ ముద్ర ఆఫీసు తన సౌకర్యం కోసం వేసుకున్నది. ముద్ర ఉంటే ఇవ్వక్కర్లేదని చట్టంలో ఎక్కడా లేదు. పైగా సెక్షన్ 22 ప్రకారం అధికార రహస్యాల చట్టం మీద కూడా ఈ చట్టానిదే పైచేయి. ముద్ర వెనక ఉన్న విషయం 8(1)లోకి వస్తుందో లేదో చూడాలి, అంతే.

నల్లగా కొట్టేసిన పేజీలు వస్తే మంచిదే, సెక్షన్ 10 పని చేసిందన్నమాట. కానీ 10(2) ప్రకారం ఎందుకు కొట్టేశారో, ఆ నిర్ణయం ఎవరిదో పేరు, హోదాతో చెప్పాలి. ఒక్క పేరు కోసం పేజీ మొత్తం నలుపు చేశారా అన్నదీ చూడండి. అతిగా కొట్టేయడం కూడా తిరస్కరణే.

“సమాచారం చెల్లాచెదురుగా ఉంది, సేకరించడం కష్టం” అంటే అది 7(9) మాట. అది అడిగిన రూపం మార్చడానికే తప్ప, ఇవ్వకుండా ఉండటానికి కాదు. వెంటనే “అయితే ఫైళ్లు చూసుకుంటాను, తేదీ చెప్పండి” అని రాయండి.

8. మొదటి అప్పీలు

జవాబు అందిన రోజు నుంచి, లేదా గడువు దాటిన రోజు నుంచి 30 రోజుల్లో, అదే శాఖలోని పై అధికారికి వెళ్లాలి. కేంద్ర ఆఫీసుల్లో అప్పీలుకు ఫీజు లేదు. కొత్త ప్రశ్నలు కలపకండి, అలా కలిపినవి కొట్టేస్తారు. ఈ వాక్యాలు మీ విషయానికి తగ్గట్టు మార్చుకోండి:

“తిరస్కరణ లేఖలో 8(1)(ఎ) అని పేర్కొన్నారు కానీ ఏ అంశం వెల్లడైతే ఏ హాని, ఎలా కలుగుతుందో చెప్పలేదు. భద్రతకు సంబంధించిన వివరాలు నాకు అవసరం లేదని దరఖాస్తులోనే రాశాను. వేరుచేయగల భాగాన్ని సెక్షన్ 10 కింద ఎందుకు ఇవ్వలేదో జవాబు లేదు. సెక్షన్ 8(2) కింద ప్రజా ప్రయోజనాన్ని పరిశీలించినట్టు కనిపించడం లేదు. సెక్షన్ 19(5) ప్రకారం తిరస్కరణ సరైనదని రుజువు చేయాల్సిన బాధ్యత పీఐఓదే.”

ఇంకాస్త బలం కావాలంటే, దేశ భద్రత అనే మాటను గాల్లోంచి తేలేరని, ఆధారం ఉండాలని మీడియావన్ ఛానల్ కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి చేర్చండి. అది ఆర్‌టీఐ కేసు కాదు, ఛానల్ లైసెన్సు కేసు. ఆ తేడా దాచకుండా రాయండి.

అప్పీలు అధికారి 30 రోజుల్లో, కారణాలు రాస్తే 45 రోజుల్లో తేల్చాలి. జరిమానా వేయమని ఈయన్ని అడగకండి, ఆ అధికారం కమిషన్‌దే. అసలు గడువులో జవాబే రాకపోతే, తర్వాత ఇచ్చే సమాచారం 7(6) కింద ఉచితంగా ఇవ్వాలి. పేజీలకు డబ్బు అడిగితే ఆ సెక్షన్ గుర్తు చేయండి.

9. రెండో అప్పీలు

90 రోజుల్లో కేంద్ర లేదా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. విచారణ రావడానికి చాలా కాలం పడుతుంది, టెన్షన్ పడకుండా కాగితాలు తేదీల వరుసలో ఒక సెట్ చేసి పెట్టుకోండి.

విచారణలో చెప్పాల్సింది రెండు నిమిషాల్లో సరిపోవాలి: ఏం అడిగారు, ఏం వద్దన్నారు, వాళ్లు ఏ కారణం చెప్పలేదు. ఇంకా అనుమానమైతే, పత్రాన్ని కమిషనే తెప్పించుకుని చూడమని అడగండి. 18(4) కింద ఏ రికార్డునైనా పరిశీలించే అధికారం కమిషన్‌కు ఉంది, దాన్ని ఆఫీసు అడ్డుకోలేదు. మీకు చూపించకుండానే న్యాయం తేల్చే దారి ఇది. భద్రత కేసుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేదీ ఇదే. జాప్యానికి, అకారణ తిరస్కరణకు పీఐఓ మీద రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 రూపాయలు జరిమానా వేయొచ్చు.

కొన్ని ఇక్కడా ఓడిపోతాయి. 1962 యుద్ధం మీద తయారైన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను కుల్‌దీప్ నయ్యర్ అడిగితే, 2010లో కేంద్ర సమాచార కమిషన్ కూడా ఇవ్వక్కర్లేదంది. అప్పటికి ఆ నివేదిక వయసు నలభై ఏళ్ల పైమాటే. “20 ఏళ్లు దాటింది కదా, 8(3) ప్రకారం ఇవ్వాలి” అని చాలామంది వాదిస్తారు. ఆ వెసులుబాటు 8(1)(ఎ)కు లేదు. పాత రికార్డయితే వయసు చూపించి వాదించకండి. ఈనాటి హాని ఏమిటో చెప్పమని అడగండి.

సమాచారం చేతికొచ్చాక

ఆర్‌టీఐ ద్వారా వచ్చిన పత్రం వేరు, ఎవరో చేతిలో పెట్టిన లీకు వేరు. రహస్య పత్రం అని తెలిసి తీసుకోవడం కూడా అధికార రహస్యాల చట్టం సెక్షన్ 5 కింద నేరం కావచ్చు. అలాంటిది చేతికొస్తే ముందు లాయరును కలవండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

అధికారి కొట్టేయడం మర్చిపోయిన ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు నకళ్లలో తరచూ కనిపిస్తాయి. ప్రచురించే ముందు మీరే కొట్టేయండి. పీడీఎఫ్ మీద నల్ల పెట్టె గీస్తే సరిపోదు, కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే వచ్చేస్తాయి. కాగితం మీద మార్కర్‌తో కొట్టి, ఫొటోస్టాట్ తీసి, దాన్ని స్కాన్ చేయండి. తర్వాత ఆ ఫైల్ తెరిచి, కొట్టేసిన చోట మౌస్‌తో అక్షరాలు ఎంచుకోవడానికి ప్రయత్నించండి, అక్కడున్న పేరును సెర్చ్‌లో వెతకండి. ఏమీ దొరకకపోతేనే అప్‌లోడ్ చేయండి.